గ్రూపులో వెనకబడిపోతున్నా అక్కా!

వానలు తగ్గి రోడ్లు ఆరేసరికి బెంగళూరు తెలుగువాళ్ళకి హుషారు వచ్చినట్టుంది, ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా సైకిల్ రేసుల గురించే. "ఏ బైక్ కొనమంటావు" అన్నవాళ్ళందరికీ కలిపి ఒకే జవాబు రాశాను. ఎవరూ అలగొద్దు.

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక్కడినే తొక్కితే గంటకి 32 కిలోమీటర్ల యావరేజ్ పడుతుంది. క్లబ్ రేసులో మాత్రం మొదటి యూ టర్న్ దగ్గరే గ్రూపు నుంచి విడిపోయాను. నాకన్నా బలం తక్కువ ఉన్నవాళ్ళు కూడా గ్రూపుతో వెళ్ళిపోయారు. ఇంకా ఎంత ట్రైనింగ్ చేయాలి? – కుందలహళ్ళి పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఒంటరిగా 32 అంటే కాళ్ళలో దమ్ము బాగానే ఉంది. ట్రైనింగ్ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు విడిపోయిన చోటు యూ టర్న్ అని నువ్వే రాశావు కదా, అక్కడ మొదలుపెడదాం.

మన దగ్గర అమెచ్యూర్ రేసులు చాలావరకు ఒకే రోడ్డు మీద వెళ్ళి, కోన్ చుట్టూ తిరిగి, అదే రోడ్డున వెనక్కి వచ్చేవి. సిల్క్ బోర్డ్ సిగ్నల్లో పచ్చ లైటు పడ్డాక ముందు బండి కదిలి పోతుంది, ఇరవయ్యో బండి ఇంకా క్లచ్ నొక్కుకుని కూర్చునే ఉంటుంది చూశావా? కోన్ దగ్గర జరిగేది అదే. ముందున్న నలుగురైదుగురు మెల్లగా తిరిగి మళ్ళీ 35 అందుకునే వేళకి చివర ఉన్నవాడు బ్రేకుల మీదే ఉంటాడు. అతను తిరిగి తలెత్తేసరికి గ్రూపు యాభై మీటర్ల అవతల ఉంటుంది. ఆ దూరం పూడ్చడానికి ముందువాళ్ళకన్నా చాలా వేగంగా, అదీ ఒంటరిగా, గాలికి ఎదురు తొక్కాలి. ఒక టర్న్‌లో ఎలాగో కలుస్తాడు. రెండో టర్న్‌లో కలవలేడు.

సమతల రోడ్డు మీద 35 దాటాక నువ్వు పెట్టే శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. వేగాన్ని 30 నుంచి 36కి పెంచితే గాలి కోసం ఖర్చయ్యే శక్తి ఇంచుమించు ముప్పావు వంతు పెరుగుతుంది. ముందువాడి చక్రం వెనక సరిగ్గా దాక్కున్నవాడికి అదే వేగానికి మూడో వంతు దాకా కష్టం తగ్గుతుంది. నీకన్నా బలహీనులు గ్రూపుతో ఎలా వెళ్ళిపోయారో ఇప్పుడు అర్థమైందా?

అందుకని టర్న్‌కి అర కిలోమీటరు ముందు నుంచే గ్రూపులో మెల్లగా ముందుకి జరుగు. మొదటి పదిమందిలో ఉంటే చాలు, అందరికన్నా ముందు ఉండాల్సిన పని లేదు. బ్రేకు వేయడానికి ముందే రెండు మూడు గేర్లు తేలిక చేసుకో. పెద్ద గేర్‌లో ఇరుక్కుని, తిరిగాక గొలుసు టకటకలాడిస్తూ గేరు మార్చేవాళ్ళే ఎక్కువగా విడిపోతారు. కోన్ దాటగానే సీటు మీంచి లేచి ఓ పది పదిహేను గట్టి తొక్కులు తొక్కు. ముందువాడి చక్రం దొరికిందా, కూర్చో, ఊపిరి తీసుకో.

చక్రం వెనక ఉండటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. మొదట్లో ఒక సైకిల్ పొడవు దూరం వదిలి, అలవాటయ్యే కొద్దీ తగ్గించు. కళ్ళు అతని వెనక టైరు మీద కాకుండా నడుము మీద, ఇంకా ముందు రోడ్డు మీద ఉండాలి. నీ ముందు చక్రాన్ని అతని వెనక చక్రం పక్కకి పోనివ్వకు. రెండూ తాకితే అతనికి చిన్న కుదుపు, పడేది నువ్వు, నీ మీద నీ వెనకవాళ్ళు. వేగం తగ్గించాలనిపిస్తే బ్రేకు పట్టకుండా కాస్త నిటారుగా లేచి గాలికి ఛాతీ ఇవ్వు, సరిపోతుంది.

గాలి ఎటు నుంచి వస్తోందో కూడా చూసుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మనకి పడమటి గాలి. హెబ్బాళ నుంచి దేవనహళ్ళి వైపు పోతుంటే అది ఎడమ పక్క నుంచి కొడుతుంది. అప్పుడు ముందువాడికి నేరుగా వెనకాల ఉంటే లాభం తక్కువ, కాస్త కుడి వెనకగా ఉంటేనే గాలి ఆగుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఎడమ వెనక. ఇందులో చక్రాలు కొంత పక్కపక్కకి వస్తాయి కాబట్టి, లైన్ తప్పకుండా తొక్కుతారని నమ్మకం ఉన్నవాళ్ళ వెనకే ఈ పని చెయ్యి.

ప్రాక్టీసుకి ఇంకా ఇళ్ళు కట్టని లేఔట్ రోడ్డు ఒకటి చూసుకో. ముగ్గురు స్నేహితుల్ని పిలిచి, రోడ్డు మధ్యలో నీళ్ళ బాటిల్ పెట్టి దాని చుట్టూ యూ టర్న్‌లు తిరగండి. వంతుల వారీగా చివర ఉండండి.

ఇంకోటి. గ్రూపు ముందుకెళ్ళి అయిదు నిమిషాలు ఏకబిగిన లాగి, అందరి చేత శభాష్ అనిపించుకుని, ఆ తర్వాత ఫినిష్ దగ్గర కనపడకుండా పోయే వీరులు ప్రతి రేసులో ఇద్దరుంటారు. నువ్వు మూడోవాడివి కావద్దు.

ప్రశ్న: ఇప్పుడున్నది పది కేజీల అల్యూమినియం బైక్. కార్బన్‌ది కొంటే స్పీడు పెరుగుతుందా? సెకండ్ హ్యాండ్ అయితే ఏం చూడాలి? – వైట్‌ఫీల్డ్, సర్జాపుర, యలహంక పాఠకులు

జవాబు: లెక్క వేద్దాం. మీరు 70 కేజీలు, బైక్ 10, మొత్తం 80. కొత్తది 8 కేజీలనుకుంటే తగ్గేది వందకి రెండున్నర వంతు. అరగంట ఎక్కే కొండ మీద ముప్పావు నిమిషం మిగులుతుంది. సమతల రోడ్డు మీద ఆ తేడా తెలియను కూడా తెలియదు. అంతర్జాతీయ రేసుల్లోనే 6.8 కేజీలకన్నా తేలిక బైక్‌ని ఒప్పుకోరు, మనకెందుకు అంత ఆరాటం?

ముందు మంచి టైర్లు వేయించండి, 28 మిల్లీమీటర్ల వెడల్పువి పడితే అవే. వంద పీఎస్ఐ దాటేదాకా గాలి కొట్టించే అలవాటు మానండి. 70 కేజీల మనిషికి ఆ టైర్లో 70, 75 చాలు. మన రోడ్ల మీద రాయిలా గట్టిపడ్డ టైరు ఎగురుతుందే గానీ పరిగెత్తదు. ఇంకా డబ్బు మిగిలితే బైక్‌ని మీ ఒంటి సైజుకి సరిచేయించుకోవడానికి, ఒక మంచి బిబ్ షార్ట్స్‌కి (భుజాల పట్టీలు, లోపల మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు) పెట్టండి. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఇది అడగడానికి సిగ్గుపడి పుండ్లు చేసుకున్నవాళ్ళు మా క్లబ్బులో బోలెడుమంది.

సెకండ్ హ్యాండ్ కార్బన్ అయితే పగటి వెలుగులో, అద్దంలా తుడిపించి చూడండి. పెడల్ ఇరుసు చుట్టూ, సీటు గొట్టం బిగించే చోట, ఫోర్క్ పైభాగంలో సన్న గీతలు ఉన్నాయేమో వేలు పెట్టి తడమండి. నాణెంతో మెల్లగా తట్టుకుంటూ పోతే ఒకచోట శబ్దం మొద్దుబారినా అనుమానించాల్సిందే. బిల్లు లేదంటే బేరం వద్దు, అది ఎవరి ఇంటి ముందు నుంచి మాయమైన బైకో!

ప్రశ్న: అక్కా, మా ఆయన ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకే లేచి పోతాడు. తిరిగొచ్చి టిఫిన్ తిని సాయంత్రం దాకా నిద్ర. "నువ్వే అలుసిచ్చావు" అని మా అత్తగారు నన్ను అంటున్నారు. నాకు మాత్రం పడిపోతాడేమోనని టెన్షన్. – హోరమావు పాఠకురాలు

జవాబు: చెల్లీ, అత్తగారి సంగతి ఆయన్నే చూసుకోమను, ఆవిడ కొడుకే కదా. నిద్ర సంగతి చెప్తాను. శనివారం రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసి 4 గంటలకి లేచే మనిషి ఆదివారం పనికిరాడు. తొమ్మిదికి పడుకుంటే మధ్యాహ్నానికి మనిషవుతాడు. నెలకి రెండు ఆదివారాలే రేసూ లాంగ్ రైడూ, మిగతావి ఇంటివి అని ఒప్పందం పెట్టుకో. మా ఇంట్లో ఈ ఒప్పందం ఉంది, కాకపోతే మా ఇంట్లో పొద్దున్నే పోయేది నేను.

నీ టెన్షన్ మాత్రం న్యాయమైనదే. చీకట్లో వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు లేకుండా గడప దాటనివ్వకు. హెల్మెట్ ఒకసారి నేలకి గట్టిగా కొట్టుకుంటే పైకి బాగానే కనిపించినా మార్చాల్సిందే. క్లబ్బులో ఇద్దరి నంబర్లు నీ ఫోన్లో, నీ నంబరు, రక్తం గ్రూపు ఆయన జేబులో ఉండాలి. మీ యాక్సిడెంట్ పాలసీ తీసి మినహాయింపుల పేజీ చదువు, చాలా పాలసీలు రేసుల్లో తగిలిన దెబ్బలకి డబ్బివ్వవు. రేసు రోజున అంబులెన్స్ పెట్టారా అని నిర్వాహకులను ఆయన చేతే అడిగించు. నీళ్ళు నమిలితే ఆ రేసు వద్దను.

ప్రశ్న: మాది నెల్లూరు, ఇప్పుడు హెబ్బాళలో ఉంటున్నాను. నంది హిల్స్ సగం ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేసి దిగి నడుస్తున్నా. ముందు 39, వెనక 25 పళ్ళ గేరు. ఏం చేయాలి?

జవాబు: దోషం మోకాళ్ళది కాదు, గేరుది. పైకి 10 కిలోమీటర్ల వేగంతో పోతున్నావనుకో, 39–25 మీద నిమిషానికి 50 తొక్కులే పడతాయి. ప్రతి తొక్కూ మోకాలి మీద బరువే. అదే వేగానికి 34–32 అయితే 75 పడతాయి. మెకానిక్‌తో మాట్లాడి వెనక క్యాసెట్ (పళ్ళ చక్రాల గుత్తి), వీలైతే ముందు పెడల్ దగ్గరి పళ్ళ చక్రాలు కూడా మార్పించు. గొలుసుని గేరు నుంచి గేరుకి జరిపే వెనక డిరైలర్ అంత పెద్ద క్యాసెట్‌ని పట్టుకుంటుందో లేదో ముందే అడుగు.

ఎక్కేటప్పుడు మొదటి రెండు కిలోమీటర్లలో పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పో. ఇరుకు మలుపుల్లో లోపలి అంచు నిటారుగా ఉంటుంది, ఎదురు బండి లేదని రూఢి అయితే కాస్త బయటికి తిరుగు. శని, ఆదివారాలు సూర్యోదయం చూడ్డానికి వచ్చే కార్ల రద్దీ ఉంటుంది కాబట్టి నేర్చుకునేటప్పుడు మామూలు రోజున పోవడం మేలు. దిగేటప్పుడు బ్రేకులు ఏకధాటిగా పట్టుకోకుండా, మలుపుకి ముందు గట్టిగా పట్టి వదలాలి.

కొండ కింద టీ కొట్టు ఆవిడ నీతో తెలుగులోనే మాట్లాడుతుంది, చిక్కబళ్ళాపురం వైపంతా మన మాటే. "ఏం నాయనా, ఎక్కకముందే రొప్పుతా ఉండావే" అంటే ఏమీ అనుకోకు, నన్నూ అంటుంది. అన్నట్టు మీ పెన్న పుట్టింది కూడా ఈ నంది కొండల్లోనే.

ప్రశ్న: రేసు ముందు ఇడ్లీ తినొచ్చా? ఎనర్జీ జెల్ ప్యాకెట్లు తప్పనిసరా? – మారతహళ్ళి పాఠకుడు

జవాబు: ఇడ్లీ భేష్. స్టార్ట్‌కి రెండు గంటల ముందు మూడో నాలుగో, చట్నీ తక్కువగా. సంగటి, వడ, నెయ్యి కారం దోసె ఇంటికొచ్చాక తిను. గంటలోపు రేసుకి దారిలో ఏమీ తినక్కర్లేదు. అంతకన్నా ఎక్కువైతే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఒక మాదిరి అరటిపండులో పాతిక గ్రాములుంటుంది. అర లీటరు నీళ్ళలో 30 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, సగం నిమ్మకాయ కలిపితే ఇంటి డ్రింక్ తయారు. జెల్ సౌకర్యమే గానీ తప్పనిసరి కాదు. ఏదైనా సరే, రేసు రోజున మొదటిసారి నోట్లో పెట్టొద్దు. ఖాళీ ప్యాకెట్ జేబులోనే ఉండాలి, రోడ్డు మీద పడేసినవాణ్ణి నేను పేరు పెట్టి పిలుస్తాను.

ప్రశ్న: నాకు 46. గట్టిగా తొక్కినప్పుడు ఛాతీ బిగిసినట్టు ఉంటోంది, ఆగితే తగ్గుతోంది. రేసు వచ్చే నెల. – పాఠకుడు

జవాబు: అన్నా, రేసు మర్చిపో. సైకిల్ ముట్టుకోకుండా ఈ వారంలోనే గుండె డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఆగి ఉన్నప్పుడు కూడా నొప్పి వస్తే వారం కూడా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పో.

ప్రశ్న: 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్) పూర్తి చేశాను. ఇక రేసుకి పనికొస్తానా? – కె.ఆర్. పురం పాఠకురాలు

జవాబు: 200కి పదమూడున్నర గంటల గడువు, గంటకి 15 పడితే చాలు. ఓపిక, పంచర్ వేసుకోవడం, చీకటి భయం పోవడం అన్నీ వచ్చి ఉంటాయి, అవేం చిన్నవి కావు. రేసులో కావాల్సింది వేరే, నిమిషం పాటు ఊపిరాడనంత తొక్కి, పూర్తిగా తేరుకోకముందే మళ్ళీ తొక్కడం. మొదట టైమ్ ట్రయల్‌కి పేరు ఇవ్వమ్మా. బెంగళూరు బైసికిల్ చాంపియన్‌షిప్స్ లాంటి అమెచ్యూర్ రేసులు ఇక్కడ ఏళ్ళుగా నడుస్తున్నాయి, వాటి క్యాలెండర్ చూసుకో. టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరినీ విడివిడిగా వదులుతారు, ఇంకొకరి చక్రం వెనక దాక్కోవడం నిషేధం. గుంపు భయం ఉండదు, నీ సత్తా నీకు తెలుస్తుంది.

ప్రశ్న: రేసర్లు కాళ్ళ వెంట్రుకలు తీసేస్తారెందుకు? నేనూ తీయాలా? – పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: పడి చర్మం గీసుకుపోతే కడగడం, పట్టీ వేయడం, ఊడదీయడం సులువని. మర్దనకీ హాయి. గాలి లాభం కూడా కొంత ఉందంటారు, అది సెకన్లలో. మా క్లబ్బులో తీసేవాళ్ళూ ఉన్నారు, నవ్వేవాళ్ళూ ఉన్నారు. సంక్రాంతికి ఊరెళ్ళి లుంగీ కట్టుకున్నప్పుడు మీ మామయ్యలకి ఏం చెప్పాలో ముందే ఆలోచించుకుని బ్లేడ్ పట్టుకో.