వెనకే రన్‌వే ఉన్నా తిరిగి రాలేరా?

ప్రశ్న: ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం గాల్లోకి లేచిన కాసేపటికే ఇంజిన్ ఆగి కూలిందని వార్తల్లో చదువుతుంటాం. రన్‌వే వెనకే ఉంది కదా, పైలట్ వెనక్కి తిప్పి దించలేడా?

జవాబు: ఎత్తు చాలనప్పుడు అలా తిప్పబోతేనే ప్రాణం మీదికి వస్తుంది. పైకెక్కే విమానానికి ముక్కు ఎత్తి ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆగగానే వేగం గబగబా పడిపోతుంది. పైలట్ తేరుకునేసరికే మూడు నాలుగు సెకన్లు పోతాయి. పైగా 180 డిగ్రీలు తిరిగితే సరిపోదు. 70 నాట్ల (గంటకు సుమారు 130 కి.మీ.) వేగంలో 45 డిగ్రీలు పక్కకి వాల్చి తిప్పినా విమానం రన్‌వేకి 260 మీటర్లు పక్కగా తేలుతుంది. దాని వరసలోకి రావాలంటే ఇంకా తిప్పాలి, మళ్లీ సరిచెయ్యాలి. ఇంతలో ఎదురుగాలి కాస్తా వెనకగాలి అవుతుంది. నేల వేగంగా పరిగెడుతున్నట్టు కనబడి, వేగం చాలినంత ఉందనిపిస్తుంది. తెలియకుండానే ముక్కు పైకి లాగుతారు. 45 డిగ్రీల వాలులో స్టాల్ వేగం (ఇంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మొయ్యలేవు) 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీల్లో 41 శాతం. మలుపు త్వరగా ముగించాలని లోపలివైపు రడ్డర్ (తోకమీది చుక్కాని) పెడల్ తొక్కితే ఒక రెక్క ముందే స్టాలై విమానం స్పిన్‌లోకి జారుతుంది, అంటే గిరగిరా తిరుగుతూ పడిపోతుంది. అంత తక్కువ ఎత్తులో దాన్నుంచి బయటపడే వీల్లేదు.

అందుకే ఇంజిన్ ఆగగానే పైలట్ ముందు ముక్కు దించాలి. సెస్నా 172ఎస్ అనే చిన్న విమానంలో ఫ్లాప్స్ (రెక్కల వెనకంచున కిందికి దిగే పలకలు) వెయ్యకపోతే 70 నాట్లు, వేస్తే 65 నిలబెట్టాలి. ఎదురుగా, లేదా కొద్దిగా అటూ ఇటూ ఉన్న చోటే దిగాలి. మిక్స్చర్ (ఇంజిన్‌కి వెళ్లే ఇంధనం పాలు మార్చే మీట) పూర్తిగా వెనక్కి లాగి, ఇంధన వాల్వు, ఇగ్నిషన్ (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు) కట్టెయ్యాలి. ఫ్లాప్స్ కరెంటుతో కదులుతాయి కనుక అవి దిగాకే కరెంటుకి ఉన్న మాస్టర్ స్విచ్ ఆపాలి. తలుపు గడి ముందే తీసి ఉంచాలి, దెబ్బకి ఫ్రేమ్ వంగితే తలుపు ఇరుక్కుపోతుంది.

ప్రశ్న: నేల మీద బాగానే తిరిగిన ఇంజిన్ పైకి లేవగానే ఎందుకు ఆగుతుంది?

జవాబు: ఒక ముఖ్య కారణం ఇంధనంలో నీరు. గొట్టాల్లో ఉన్న మంచి ఇంధనంతో టాక్సీ (నేల మీద రన్‌వే దాకా నడపడం) గడిచిపోతుంది. ముక్కు ఎత్తగానే ట్యాంకు అడుగునున్న నీరు కదిలి ఇంజిన్‌కి చేరుతుంది. అందుకే బయల్దేరేముందు ఇంధనం బయటికి తీసే ప్రతి డ్రెయిన్ నుంచీ పారదర్శకమైన గొట్టంలోకి కొంచెం పట్టి చూస్తారు. నీరుంటే అడుగున బుడగలా నిలుస్తుంది. గొట్టం నిండా నీరే వస్తే ఆ తేడా కనబడదు, ఇంధనమే అనుకుంటారు. కాబట్టి రంగు తప్పక చూడాలి: ఇలాంటి విమానాల్లో వాడే 100ఎల్ఎల్ రకం పెట్రోలు లేత నీలంగా ఉంటుంది. నీరు పూర్తిగా పోయేదాకా పడుతూనే ఉండాలి, పోకపోతే ఆ విమానం ఎక్కకూడదు.