జేబులో చాకు, పెట్టెలో చాకు

చి. అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ రెండు కేస్ ట్రాపర్ చాకుల (అమెరికా కేస్ కంపెనీ చేసే రెండు బ్లేడుల మడత చాకులు) ఫొటోలు చూశాను. వాడుకోవాలా, దాచుకోవాలా అని అడిగావు. పసుపు పిడిదాన్ని వాడు. ఎముక పిడిదాన్ని దాచు. చేయకూడనిదల్లా ఒకే చాకును కొన్నాళ్ళు వాడి, కొన్నాళ్ళు దాచడం.

పాతదాన్ని, అంటే ఎముక పిడిదాన్ని, భూతద్దం కింద పెట్టు. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో తయారయ్యే ఈ చాకులకు బ్లేడు మొదట్లో, పిడి దగ్గర, ముద్ర ఉంటుంది. 1970లో ఆ ముద్ర కింద పది చుక్కలు కొట్టారు. తర్వాత ఏడాదికొకటి తగ్గించుకుంటూ 1979కి ఒక్క చుక్క మిగిల్చారు. నీదానికి ఏడున్నాయి, అంటే 1973ది. దాని మీదున్న 6254 అనే అంకెలో 6 ఎముక పిడికి, 2 రెండు బ్లేడులకు, 54 ట్రాపర్ నమూనాకు గుర్తు. కొనేవాడు ముందు చూసేది ఈ ముద్రనే, ఆ తర్వాత బ్లేడు నిండుగా ఉందా, సానపట్టి అరగదీశారా అన్నది. ఒక్కసారి సానపట్టినా అది కొత్తది కాకుండా పోతుంది, ధరలో పెద్ద దెబ్బ అక్కడే పడుతుంది. అందుకే దాంతో జామకాయ కూడా కోయకు.

మెరిపించాలన్న ఆశ ఇంకా ప్రమాదం. పాలిష్ పేస్టు, బఫింగు చక్రం ఫ్యాక్టరీ గీతల్ని చెరిపేసి ముద్ర అంచుల్ని గుండ్రం చేస్తాయి. తెలిసినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. బ్లేడు మీద బూడిదరంగు మరక ఉంటే వదిలెయ్. ఎర్ర తుప్పు కనిపిస్తే మాత్రం ఆ చోట చుక్క మినరల్ ఆయిల్ వేసి, ఒక రోజు ఆగి, మెత్తటి గుడ్డతో తుడువు. చాకును నీళ్ళలో ముంచకు, ఎముక నాని ఎండితే మేకుల దగ్గర పగులుతుంది. తోలు సంచిలోనూ పెట్టకు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలు లోహాన్ని తింటాయి, లోపలి ఇత్తడి రేకులకు చిలుము పడుతుంది. సన్నగా నూనె రాసి, సిలికా జెల్ పొట్లంతో పెట్టెలో ఉంచితే చాలు. వంటనూనె వద్దు, జిగురు కడుతుంది.

ఇక పసుపు పిడిది. అదే నమూనా దుకాణాల్లో కొత్తగా దొరుకుతున్నంత కాలం దాచినా పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. వాడటం మొదలుపెడితే ధర ఒకసారి దిగుతుంది, ఆ తర్వాత ఎంత దిగుతుందన్నది నీ చేతిలో ఉంటుంది. సీవీ (క్రోమ్ వనేడియం) అని ముద్ర ఉంది కాబట్టి తుప్పుపట్టే రకం ఉక్కు. పచ్చి మామిడికాయ కోస్తే కాసేపట్లో నీలం, నలుపు మరకలు తేలతాయి. కంగారుపడకు, ఆ పొర మంచిదే. పులుపు మాత్రం ఉండనీయకు, వెంటనే కడిగి పొడిగా తుడువు.

స్క్రూడ్రైవరుతో చేయాల్సిన పని చాకుతో చేయకు. మొన విరిగితే దాన్ని కప్పిపుచ్చలేం. అడ్డంగా మెలిపెడితే బ్లేడు కీలు దగ్గర ఊగడం మొదలవుతుంది. మూసేటప్పుడు వేలితో ఆపుతూ మూయి. టప్పున వదిలితే కొన్నిటిలో అంచు వెళ్ళి వెనక స్ప్రింగుకు తగిలి, సరిగ్గా నడుమ గంటు పడుతుంది. నెలకోసారి జేబు నూలు, దుమ్ము పుల్లతో తీసి, కీలులో ఒక్క చుక్క నూనె వెయ్.

పదును తగ్గితే గ్రైండరు దగ్గరకు తీసుకెళ్ళకు. వేడికి అంచు మెత్తబడుతుంది, బ్లేడు సన్నబడుతుంది. 1000 గ్రిట్ (రాయి గరుకుదనాన్ని చెప్పే అంకె) సానరాయి తడిపి, బ్లేడు వెడల్పులో మూడో వంతు ఎత్తుకు దాని వీపు (మొద్దు వైపు) లేపితే సుమారు ఇరవై డిగ్రీలు వస్తుంది. అంచుకు నల్ల మార్కరు పూసి రెండు సార్లు రుద్ది చూడు. రంగు అంచు దాకా పోతే కోణం సరైనదే. వీపు వైపు మాత్రమే పోతే ఇంకాస్త లేపు. ఒక్కో వైపు పది సార్లు చాలు. వారం వారం పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతుంటే రాయి అవసరం అంత తరచుగా రాదు.

డబ్బా, రసీదు పారేయకు. ఎప్పుడైనా అమ్మదలిస్తే ప్రతి గీతా ఫొటోలో చూపించు, ఎన్నిసార్లు సానపట్టావో చెప్పు.

సంక్రాంతికి ఇంటికొచ్చేటప్పుడు పసుపుదాన్ని చేతిసంచిలో పెట్టకు, చెక్-ఇన్ పెట్టెలో వెయ్. ఏడు చుక్కలది అక్కడే ఉండనీ.

మీ పెదనాన్న