చలి ముదరకముందే ఆ హీటర్ సంగతి చూడు

ఒరే చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు క్లీవ్‌ల్యాండ్‌లో 2000 మోడల్ జీప్ చెరోకీ కొన్నావట, ముందు సీటు కింద కార్పెట్ తడిసిపోతోందట, డ్యాష్‌బోర్డు లోపల ఇంజిన్ వేడితో హీటర్ గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్, ఆ హీటర్ కోర్ నువ్వే విప్పి మారుస్తానంటున్నావట. "వాడికెందుకురా ఈ పని, వద్దని చెప్పు" అంది. వద్దని చెప్పడానికి రాయడం లేదు. బెజవాడ ఆటోనగర్‌లో తాతయ్య పట్టిన పానా నా తర్వాత ఎవరూ పట్టరనుకున్నాను, ఈ మాట వినగానే ఎంత సంతోషమేసిందో. కానీ మీ అమ్మ చివర్లో ఇంకో మాట అంది. "ప్రస్తుతానికి ఆ కోర్ రెండు పైపులూ కలిపేసి హీటర్ లేకుండానే నడిపేస్తాడట" అని. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఇది అక్టోబరు, నువ్వుండేది ఈరీ సరస్సు ఒడ్డున.

ముందు ఆ నీళ్లేమిటో తేల్చు. హీటర్ కోర్ అనే నిర్ణయానికి నువ్వెలా వచ్చావో నాకు తెలీదు గానీ, కుడివైపు కార్పెట్ తడిసిన ప్రతిసారీ కోరే కారణం కాదు. ఏసీ నడిచినప్పుడు గాలిని చల్లబరిచే ఇవాపరేటర్ మీద చేరిన తేమ నీళ్లయి, చిన్న డ్రెయిన్ ట్యూబ్ లోంచి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడ) బయటికి కారిపోవాలి. ఆకులు, దుమ్ము చేరి అది మూసుకుపోతే ఆ నీళ్లు లోపలికే వస్తాయి. చెరోకీల్లో ఇది మామూలే. తెల్ల టిష్యూ పేపరు కార్పెట్ మీద గట్టిగా అదిమి చూడు. రంగు, వాసన లేకపోతే ఏసీ నీళ్లో వాన నీళ్లో. పచ్చగానో ఎర్రగానో ఉండి, వేళ్ల మధ్య జారుతూ తియ్యటి వాసనొస్తే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. నాలుక మీద మాత్రం పెట్టుకోకు, అలా చూసేవాళ్లను చూశాను. అది విషం. మీ రూమ్మేట్ కుక్కపిల్లను పెంచుతున్నాడని అమ్మ చెప్పింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను, కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకేస్తాయి, కొంచెం కడుపులోకి పోయినా కిడ్నీలు పోతాయి. పట్టిన డబ్బా మూత లేకుండా వదలకు, నేల మీద చుక్క పడ్డా కడిగెయ్.

ఇంకో సంగతి. హీటర్ కోరూ ఇవాపరేటరూ ఒకే పెట్టెలో ఉంటాయి. అందుకని డ్రెయిన్ ట్యూబ్ బాగుంటే కోర్ నుంచి కారే కూలెంట్ కూడా ఆ ట్యూబ్ లోంచే బయటికి పోవచ్చు, అప్పుడు కార్పెట్ పొడిగానే ఉండి రేడియేటర్‌లో కూలెంట్ మాత్రం తగ్గుతూ ఉంటుంది. కాబట్టి ట్యూబ్ శుభ్రం చేశాక కింద తెల్ల ప్లేటు పెట్టి ఏం కారుతుందో చూడు. శుభ్రం చెయ్యడానికి మెత్తటి సన్నని తీగ చాలు, మొనదేలిన కమ్మీ పెట్టి పొడిస్తే లోపల ఇవాపరేటర్‌కే బెజ్జం పడుతుంది. ఏసీ వెయ్యకుండా వాన పడ్డప్పుడే తడుస్తుంటే కోర్ జోలికే పోకు, ముందు అద్దం రబ్బరూ వైపర్ల కింద నీళ్లు పోయే దారీ చూసుకో.

పైపులు కలపడం గురించి ఇప్పుడు చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు. బెజవాడలో పాత బండికి హీటర్ లీకయితే మనవాళ్లు చేసేది అదే. లోపలికెళ్లే పైపూ బయటికొచ్చే పైపూ ఒకదానికొకటి కలిపి క్లిప్పు బిగించేవాళ్లు. అక్కడ హీటరెవడిక్కావాలి? నేను డెట్రాయిట్ వచ్చిన కొత్తలో నా గదిలో ఉండే స్నేహితుడిది కూడా మన బెజవాడే. అతని పాత కారుకి ఇదే జబ్బు. గ్యారేజీలో కోర్ మార్చడానికి అడిగిన డబ్బు కారు కొన్న ధరకి దగ్గరగా ఉంది. పార్టు చవకే, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పే కూలీయే ఎక్కువ. అతను నవంబర్లో పైపులు కలిపేశాడు. అంతకుముందు కారిందానికి బదులు కుళాయి నీళ్లు పోస్తూ వచ్చాడు. కోటు వేసుకుని నడుపుతాను, చలికి నేను తట్టుకోలేనా అన్నాడు. చలి మనిషికొక్కడికే అనుకున్నాడు, హీటర్ వేడిగాలే అద్దాన్ని కూడా తేటగా ఉంచుతుందన్న సంగతి ఆలోచించలేదు.

జనవరిలో ఒక రాత్రి టొలీడో నుంచి తిరిగొస్తున్నాం. మేమిద్దరం వదిలే ఊపిరి అద్దం లోపలివైపు పట్టి గడ్డకట్టేసింది. తుడిస్తే పోయే మంచు కాదది, బ్యాంకు కార్డుతో గీకితే పొడిపొడిగా ఒళ్లో రాలుతోంది, గీకిన చోటే మళ్లీ తెల్లబడుతోంది. అతను అరచెయ్యంత సందులోంచి రోడ్డు చూస్తూ నడిపాడు. పక్కన ఆగి ఉన్న లారీ వెనక దీపాలు దగ్గరికొచ్చేదాకా కనిపించలేదు. తిప్పాడు, కారు జారి మంచు గుంటలోకి పోయింది. అతని మణికట్టు విరిగింది, నాకు నుదురు చిట్లింది. కారు ఆ రాత్రంతా అక్కడే ఉండిపోయింది, పొద్దున టోయింగ్ వాడొచ్చి చూసేసరికి నీళ్లు పోసి పలచనైన కూలెంట్ గడ్డకట్టి ఇంజిన్ బ్లాకే పగిలింది. సగం కూలెంట్ సగం నీళ్లు కలిపి ఉంటే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఆ లారీ దీపాలు నాకు ఇప్పటికీ కలలోకొస్తాయి. నా అక్క కొడుకు ఆ సీట్లో కూర్చోవడానికి వీల్లేదు, అంతే. ఆ బండికి డీఫ్రాస్ట్, అంటే అద్దం మీదికి కొట్టే వేడిగాలి, పనిచెయ్యకపోతే బస్సులో వెళ్లు, ఊబర్‌లో వెళ్లు, డబ్బులు నేను పంపిస్తాను.

లీకు ఆపే పొడులూ మందులూ కూడా వద్దు. కోర్‌లో బెజ్జం ఏమో గానీ రేడియేటర్ సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి.

కోరే అని తేలితే, ముందు షాపులో ఏసీ గ్యాస్ తీయించు. ఆ పెట్టె బయటికి రావాలంటే ఏసీ గొట్టాలు ఊడదీయాల్సిందే. గ్యాస్ గాల్లోకి వదలడం అక్కడ నేరం. బ్యాటరీ మైనస్ తీసి కాసేపాగిన తర్వాతే ఎయిర్‌బ్యాగ్ దగ్గరికెళ్లు. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తియ్యొద్దని నీకు చెప్పక్కర్లేదు. పాత హోసులు పైపులకు అతుక్కుపోయి ఉంటాయి, మెలిపెట్టి లాగకు, బ్లేడుతో పొడుగునా కోసి ఒలిచెయ్. ఎలాగూ కొత్తవే వేస్తాం, క్లిప్పులు కూడా కొత్తవే. కోర్ చుట్టూ ఉన్న స్పాంజి పొడైపోయి ఉంటుంది, అది మళ్లీ అంటించకపోతే వేడిగాలి పక్కకి పోయి అద్దం మీదికి రాదు. అంతా బిగించాక హీటర్ ఫుల్లుగా పెట్టి, ముందు చక్రాలు కాస్త ఎత్తు మీదుండేలా ఆపి, గాలి బుడగలన్నీ పోయేదాకా కూలెంట్ పొయ్యి. కార్పెట్ కింది దళసరి మెత్తను కడిగి, పూర్తిగా ఆరాకే వెయ్యి. తడి దాచుకుంటే చెరోకీల నేల రేకు తుప్పు పట్టి చిల్లులు పడుతుంది.

ఈ శనివారం పొద్దున్నే బయల్దేరి వస్తున్నాను, పదకొండుకల్లా నీ దగ్గరుంటాను. ప్రెజర్ టెస్టర్ తెస్తున్నాను, రేడియేటర్ మూత మీద రాసున్న పీడనం దాకా దాంతో గాలి కొట్టి పావుగంట చూస్తే లీకుందో లేదో తేలిపోతుంది. కోర్ అయితే ఆపై వారం మళ్లీ వచ్చి ఇద్దరం కలిసి విప్పుదాం. నేనొచ్చేదాకా పైపులు ముట్టుకోకు. అత్తయ్య గోంగూర పచ్చడి కట్టిస్తోంది, నువ్వు అన్నం వండి ఉంచు. మీ అమ్మకి ఈ పూటే ఫోన్ చేసి మామయ్య వస్తున్నాడని చెప్పు, లేకపోతే ఆ కంగారుకి ఇద్దరినీ నిద్రపోనివ్వదు.

మీ మామయ్య