మర్నాడు సరిచూసుకోగలిగేదే రాయి

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

పిల్లల కోసం నువ్వు రాసిన ప్రకృతి కథలన్నీ చదివాను. భాష తేటగా ఉంది, కథ నడిపే నేర్పు ఉంది. కానీ ఆ కథల్లో సింహం ఉంది, ధ్రువపు ఎలుగుబంటి ఉంది, పెంగ్విన్ ఉంది. నువ్వు పాఠం చెప్పే ఆరో తరగతి పిల్లలు ఇంటికీ బడికీ మధ్య చూసే ప్రాణి, ఒక్క పాము తప్ప, ఇంకేదీ లేదు. ప్రతి కథ చివరా ఒక పెద్దాయన వచ్చి అడవులను కాపాడుకోవాలని చెప్పి వెళ్తున్నాడు. ఉప్పల్‌లోనో లంగర్‌హౌజ్‌లోనో పుట్టి పెరిగిన పిల్లవాడు అడవి ముఖమే చూడలేదు. వాడు దేన్ని కాపాడాలి?

నేను చెప్పదలచింది ఒక్కటే. కథ చదివిన మర్నాడు పిల్లవాడు బయటికి వెళ్లి సరిచూసుకోగలిగేదే రాయి.

తీతువునే తీసుకో. ఊరి అంచున ఖాళీ ప్లాట్లు, కాస్త నీటి తడి ఉన్నచోట తప్పకుండా కనిపిస్తుంది. కొమ్మల్లో గూడు అల్లదు. నేల మీద చిన్న గుంట చేసుకుని, చుట్టూ గులకరాళ్లు చేర్చి, అందులో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లటి మరకలున్న ఆ గుడ్లు మన కాలి పక్కనే ఉన్నా రాళ్లలో కలిసిపోయి కనిపించవు. మనిషి అలికిడి అయితే పొదిగే పక్షి చప్పుడు లేకుండా లేచి, దూరంగా నడిచి వెళ్లి, అప్పుడు గోల మొదలుపెడుతుంది. మనం ఆ అరుపు వైపు వెళ్తే గుడ్లకు దూరమైనట్టే. నడివేసవి మధ్యాహ్నం ఇంకో చిత్రం చూడొచ్చు. నీటి గుంటలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. మే నెల ఎండలో బడి ఆవరణలో ఆడిన పిల్లలకు ఆ తడి విలువ ఎవరూ వివరించనక్కర్లేదు.

తీతువు కూస్తే కీడు అని ఇళ్లలో అంటారు. ఆ మాట అన్న నాయనమ్మను కథలో తెలివితక్కువదాన్ని చేయకు. రాత్రి పూట కూడా ఆ పక్షి గుడ్లకు కాపలా కాస్తుందని చూపిస్తే చాలు, పిల్లలే వెళ్లి నాయనమ్మకు చెబుతారు. ఇంట్లో పిల్లలు చెప్పినంత బాగా మనం చెప్పలేం.

పాలపిట్ట సంగతీ అంతే. తెలంగాణ రాష్ట్ర పక్షి అని పాఠ్యపుస్తకం చెబుతుంది, పరీక్షలో పిల్లలూ రాస్తారు. కరెంటు తీగ మీద మట్టిరంగు ముద్దలా కూర్చున్నది నేల మీది పురుగు కోసం రెక్క విప్పగానే నీలంగా మెరవడాన్ని వాళ్లలో ఎంతమంది గమనించారు? దసరా నాడు కొందరు దాన్ని పంజరంలో పెట్టి డబ్బులకు చూపిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చట్టం సంగతి ఒక్క వాక్యంలో చెప్పు, మిగతా పేజీ అంతా ఆ రెక్కకే ఇవ్వు. తీగ మీది పిట్టను చూసిన పిల్లకు పంజరం చూడగానే కోపం రావాలి. ఆ కోపం నాకు ముఖ్యం.

వనస్థలిపురంలో విజయవాడ రహదారి పక్కనే హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు ఉంది. వీటి మీద కూడా రాయి, కానీ ముందు బడి గోడ పక్కనున్నవి పూర్తిచెయ్యి.

నీ పాము కథను మాత్రం పక్కన పెట్టేయమంటాను. పాములు పాలు తాగి బతకవు, పగబట్టవు, నాగస్వరం ఊదేవాడి కదలికకే పడగ తిప్పుతాయి. పిల్లల పుస్తకంలో తప్పు అచ్చయితే అది వాళ్లకు జీవితాంతం ఉండిపోతుంది. ఎలుకలు తిని బతికే, విషం లేని జెర్రిపోతు గురించి రాయొచ్చు. అయితే పామును ప్రేమించమని రాయకు. ఏ పామైనా సరే, దూరంగా నిలబడి పెద్దలను పిలవమని రాయి. భయపడటం తప్పని పిల్లలకు అనిపించకూడదు, పాము కనిపిస్తే కర్ర తీసుకోవడం ఒక్కటే దారి అనీ అనిపించకూడదు.

ఇంకొకటి. ఆ ఖాళీ ప్లాటులో రేపు ఇల్లు లేస్తుంది. దాన్ని కథలో దాచకు, ఇల్లు కట్టుకునేవాణ్ని దుర్మార్గుణ్ని చేయకు. మన పిల్లలు ఉండేదీ అలా కట్టిన ఇళ్లలోనే. పునాది తవ్వకం నాలుగు వారాలు ఆపితే తీతువు పిల్లలు గుడ్డులోంచి బయటపడి తల్లి వెంట నడిచిపోతాయి. ఆ నాలుగు వారాలు ఎవరు అడగాలి, ఎవరిని అడగాలి అన్నది పిల్లలే మాట్లాడుకోనివ్వు.

తీతువు కథే ముందు మొదలుపెట్టు. మార్చి నుంచి ఆగస్టు దాకా గుడ్లు పెట్టే కాలం. పిల్లలను గుడ్లున్న చోటికి తీసుకెళ్లకు, గోడ ఇవతలి నుంచే చూపించు. జనం చుట్టూ చేరితే తల్లి దగ్గరికి రాదు, ఎండకు గుడ్లు పాడవుతాయి. వాళ్లు ఏం చూశారో వాళ్ల మాటల్లోనే నోటుబుక్కులో రాసుకో. కథతో పాటు ఆ నోటుబుక్కు కూడా నాకు పంపు.