మ్యాడ్ మ్యాక్స్ సినిమాల ప్రపంచంలో నడిచే వీడియో గేమ్‌కి రివ్యూలు అంతంతమాత్రం, ఆడినవాళ్లేమో సూపరంటారు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరి మాటా నమ్మొచ్చు. 2015 సెప్టెంబర్ 1న వచ్చింది ఇది, జస్ట్ కాజ్ గేములు తీసిన స్వీడన్ స్టూడియో అవలాంచ్ వాళ్లది. సరిగ్గా అదే రోజు మెటల్ గేర్ సాలిడ్ 5 అనే పెద్ద గేమ్ కూడా దిగింది, దానికేమో రివ్యూల్లో వందకి 90కి పైన స్కోర్లు, దీనికి 70కి అటూ ఇటూ. ఇక దీన్ని పట్టించుకునేదెవరు?

రివ్యూయర్లు తిట్టింది చేసిందే మళ్లీ చేయిస్తుందని. నిజమే, కాదనను. క్యాంపులో దూరడం, అందర్నీ కొట్టడం, స్క్రాప్ ఏరుకోవడం, మళ్లీ ఇంకో క్యాంపు. టాప్ డాగ్‌లతో (క్యాంపు బాసులన్నమాట) ఫైట్లయితే మరీ దారుణం, శాల్తీ మారుతుందే తప్ప కొట్టే తీరు మారదు. కథ కూడా పలచనే. చేతి ఫైట్లు బ్యాట్‌మ్యాన్ ఆర్ఖమ్ గేముల్ని చూసి దించినట్టే ఉంటాయి (దించినా బాగానే దించారు లెండి).

కానీ కారెక్కాక లెక్క వేరు. ఎడారిలో శత్రువుల కాన్వాయ్ వెంటపడతారు, వెనక కూర్చున్న మీ మెకానిక్ చంబకెట్ హార్పూన్ (తాడు కట్టిన ఈటె) వదులుతాడు, అది పక్క బండి చక్రంలో దిగబడిందా, ఇంక తాడు బిగిసి చక్రం ఊడొచ్చేస్తుంది, ఆ బండి ఇసుకలో పల్టీలు కొడుతుంటే మీరు అప్పటికే ముందున్న ఇంకో బండి డ్రైవర్‌ని సీట్లోంచి లాగే పనిలో ఉంటారు. మధ్యలో పిడుగులతో ఇసుక తుఫాను వచ్చిందంటే రేకులూ చెత్తా కారు మీదకి ఎగిరొస్తాయి, చేతిలో కంట్రోలర్ ఉన్నా టెన్షనే. ఈ కార్ల గొడవని రివ్యూలు కూడా మెచ్చుకున్నాయి, స్కోరు చూసి వదిలేసినవాళ్లు ఆ ముక్క చదవలేదంతే.

నా ఉద్దేశంలో తేడా అంతా ఆడే వేగంలో ఉంది. రివ్యూ రాసేవాళ్లకి గడువుంటుంది, రోజుల్లో మ్యాప్ అంతా తిరగాలి, అలా ఆడితే ఎవరికైనా విసుగే. నేను ఆఫీసయ్యాక రాత్రిళ్లు కాసేపు ఒక కాన్వాయ్, ఒక క్యాంపు అనుకుని ఆడేవాణ్ణి, నాకు ఆ రిపీట్ పెద్దగా గుచ్చుకోలేదు. పైగా పీసీ వెర్షన్ చాలా నీట్‌గా చేశారు, నా పాత సిస్టమ్‌లోనే సాఫీగా నడిచింది.

సేల్‌లో ఉంటే కళ్లు మూసుకుని కొనండి. మ్యాప్‌లో ప్రతి గుర్తూ పూర్తి చేయాలని మాత్రం పెట్టుకోకండి, ముఖ్యంగా మందుపాతరలు వెతికే పని, దానికోసం మీ కారు వదిలేసి వాటిని పసిగట్టే కుక్కనెక్కించుకుని బగ్గీలో తిరగాలి. కథ, కాన్వాయ్‌లు, కారు అప్‌గ్రేడ్లు, వీటి మీద ఉండండి చాలు.