అంకె పక్కన మనిషిని కూర్చోబెట్టు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

రక్త, మూత్ర పరీక్షల రిపోర్టుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను నాయనా. భాష హాయిగా ఉంది. కానీ అందులో అంకెలున్నాయి, మనుషులు లేరు. "క్రియాటినిన్ 1.2 దాకా నార్మల్" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి పంపే వ్యర్థం. అదే 1.2ను, కిడ్నీల పనితనాన్ని లెక్కగట్టే 2021 నాటి సీకేడీ-ఎపీ సూత్రంలో వేసి చూడు. పాతికేళ్ల కుర్రాడికి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత అంచనా, 86 వస్తుంది, డెబ్బై అయిదేళ్ల ఆడమనిషికి 47. క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. ఆమె మరీ బక్కచిక్కి ఉంటే అసలు సంగతి ఆ 47 కన్నా తక్కువే కావచ్చు. అలాగని ఒక్క రిపోర్టుతో కిడ్నీ జబ్బు అని ముద్ర వేయకు. మూడు నెలలు దాటినా ఈజీఎఫ్ఆర్ 60 లోపే ఉంటే అప్పుడు ఆ మాట రాయి.

మన ఊళ్లో కూర్చుని రాసేవాళ్లు అలిపిరి మెట్లను మరవకూడదు. మూడున్నర వేల మెట్లు ఎక్కి మర్నాడు పొద్దున్నే ల్యాబుకు పోతే మూత్రంలో ప్రొటీన్ ఒక ప్లస్సు, నాలుగు ఎర్రకణాలు కనబడవచ్చు. కాలేయ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ అనే ఎంజైము కూడా రక్తంలో పెరగవచ్చు. అది కాలేయంలోనే కాదు, కండలోనూ ఉంటుంది. దాని జోడు ఎంజైము ఎస్‌జీపీటీ కన్నా అదే బాగా ఎక్కువుంటే మద్యం అలవాటుందా అని అడగాలి, కండ దెబ్బతింటే పెరిగే సీపీకే చూడాలి. మూత్రాన్ని రెండు మూడు రోజులు ఆగి మళ్లీ పరీక్షిస్తే చాలు. అప్పటికీ ప్రొటీన్ పోకపోతే పొద్దున తొలి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించాలి. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటితే వదిలేయకూడదు. ఒక్కటి మాత్రం పెద్దక్షరాల్లో రాయి: మూత్రం డికాషన్ రంగుకు మారి, మూత్రంలో ముంచే పరీక్ష పట్టీ రక్తం ఉందని చూపించి, మైక్రోస్కోపు కింద ఎర్రకణాలు లేకపోతే అది కండ కరిగి వస్తున్న మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

పెరటాసి శనివారం ఒక్కపొద్దు ఉన్నవాళ్ల మూత్రంలో కీటోన్లు, అంటే ఒంట్లో కొవ్వు కరిగితే పుట్టేవి, కాస్త కనబడితే భయపెట్టకు. షుగరు రోగికైతే ఆ మాట వర్తించదు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్ర వాడేవాళ్లకు రక్తంలో చక్కెర అదుపులో ఉన్నా మూత్రంలో చక్కెర మూడు ప్లస్సులు వస్తుంది, మాత్ర చేసే పనే అది. వాళ్లు వాంతులతో, ఆయాసంతో వస్తే మాత్రం కీటోన్లను తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక నువ్వు పూర్తిగా వదిలేసింది రక్తం తీసే ట్యూబుల సంగతి. పొటాషియం మరీ ఎక్కువగా 7.5, కాల్షియం మరీ తక్కువగా 5 ఒకే కాగితం మీద ఉండి, మనిషి మామూలుగా కూర్చుని మాట్లాడుతున్నాడనుకో. ఊదా మూత ట్యూబులోని మందు ఆ నమూనాలో కలిసిందేమో చూడాలి. రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఆ మందు ఈడీటీఏ పొటాషియం లవణం: పొటాషియాన్ని తనే తెచ్చిపెడుతుంది, కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అందుకే ఎర్ర మూత ట్యూబు ముందు, ఊదా తర్వాత నింపాలి. రబ్బరు పట్టీ చాలాసేపు బిగించినా, పిడికిలి పదేపదే బిగించి వదిలినా, ఎర్రకణాలు పగిలి సీరం గులాబీ రంగుకు తిరిగినా పొటాషియం పెరిగినట్టే కనిపిస్తుంది. కానీ కిడ్నీ రోగి విషయంలో "నమూనా తప్పయి ఉంటుందిలే" అని ఆగకూడదు. రెండో నమూనా తీస్తూనే ఈసీజీ కూడా తీయాలి.

చక్కెరకూ ఇదే తంటా. పాకాలలో తీసిన రక్తం సీరం వేరుచేయకుండా తిరుపతి దాకా వచ్చిందంటే కణాలు దారిపొడుగునా చక్కెరను తింటూనే ఉంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం. పరగడుపున 120 ఉన్నది మూడు గంటల్లో నూరు దగ్గరికి దిగుతుంది, హెచ్చరించాల్సిన మనిషిని నార్మల్ అని పంపేస్తాం. బూడిద మూత ట్యూబులోని ఫ్లోరైడ్ కూడా మొదటి గంటలో దీన్ని పూర్తిగా ఆపలేదు.

మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ గురించి రాసేచోట హిమోగ్లోబిన్ కూడా చూడమను. ఐరన్ లోపముంటే అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లలో నమ్మలేం. ప్లేట్‌లెట్లు 40,000 అని యంత్రం చెప్పినా స్లైడు మీద గుంపులు కట్టాయేమో కంటితో చూడాలి, గుంపు కడితే యంత్రం లెక్క తక్కువ వేస్తుంది.

తిరగరాసేటప్పుడు మూత్రం పట్టే పద్ధతిని మొదటి పేరాలోకి తీసుకురా. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, నడిమి ధార డబ్బాలో పట్టాలి. రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి, కుదరకపోతే ఫ్రిజ్జులో పెట్టాలి. చర్మపు కణాలు నిండుగా ఉన్న రిపోర్టులో బ్యాక్టీరియా కనబడితే యాంటీబయాటిక్ వద్దు, ముందు మళ్లీ పట్టించమని రాయి.