నిస్తంత్రి, తంతి, తీగ

సందేహం: మా అబ్బాయి పుస్తకంలో వైర్‌లెస్‌కు ‘నిస్తంత్రి’ అని ఉంది. తంత్రి అంటే వీణకు కట్టేది కదా, టెలిఫోన్ వైరుకు ఎట్లా చెల్లుతుంది? టెలిగ్రాంను తంతి అనేవాళ్లు. తంతి, తంత్రి ఒకటేనా? వైరుకు సరైన తెలుగు మాట ఏది?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: తంత్రి వీణ ఒక్కదాని సొత్తు కాదు. సంస్కృతంలో ‘తన్’ ధాతువుకు సాగడం, పరుచుకోవడం అని అర్థం. తంతువు, తంత్రి, వితానం, సంతతి అన్నీ దాని పిల్లలే. ‘సంతానం’ అన్న మాట కూడా. స్తంభం నుంచి స్తంభానికి సాగేదాన్ని తంత్రి అంటే తప్పేమీ లేదు. తంతి దాని వికృతి అని పెద్దల మాట. అయితే సంస్కృతంలోనే ‘తంతి’ అని వేరే మాట ఉంది: దూడలను వరసగా కట్టే పొడవాటి తాడు, మన రైతుల దామెన. అందుకని వికృతి అన్నమాటను నేను గట్టిగా పట్టుబట్టి చెప్పను. 2013 జులై 15న టెలిగ్రాం సేవ ఆగిపోయింది, దాంతో తంతి కూడా వాడుకలోంచి జారిపోయింది.

ఇవన్నీ పక్కన పెట్టండి. ఇంట్లో తీగ ఉండగా తంత్రి కోసం ఊరంతా వెతకడం ఎందుకు?

పాత పుస్తకాల్లో అరసున్నతో తీఁగ. తీఁగె, తీవ, తీవియ అనీ కనిపిస్తుంది. కాకరకూ తీగే, కరెంటుకూ తీగే, బెల్లప్పాకానికీ తీగే. మీది ప్రొద్దుటూరు కాబట్టి చెబుతున్నా, ఒకసారి బంగారం పనివాళ్ల దగ్గర కూర్చొని కమ్మచ్చు చూడండి. ఉక్కు పలక, దాన్నిండా వరసగా రంధ్రాలు, ఒకదానికన్నా ఒకటి సన్నం. కడ్డీ కొసను పట్టుకారుతో పట్టి లాగుతారు. రంధ్రం మారేకొద్దీ బంగారం సన్నబడి పొడుగవుతుంది. దాన్ని ‘తీగ తీయడం’ అంటారు. పందిరి మీద కాకర సాగడమూ, పలకలోంచి బంగారం సాగడమూ ఒకే పనిగా చూసిన భాష మనది.

మెరుపుకూ తీగే. కడప జిల్లా కోకటాన్ని రాయల చేతి మీదుగా అగ్రహారంగా పొందిన పెద్దన, హిమాలయంలో దారి తప్పిన ప్రవరుడికి వరూధినిని చూపించేటప్పుడు ‘విద్యుల్లతావిగ్రహన్’ అన్నాడు. మెరుపుతీగ వంటి శరీరం కలది అని. విద్యుత్తు, లత: ఈ రెండు మాటలనూ ఐదొందల ఏళ్ల కిందట ఒకే సమాసంలో కట్టిపెట్టాడు మహానుభావుడు. ఆ పద్యం చదివినవాడికి ‘విద్యుత్ తీగ’ కొత్త మాటలా తోస్తుందా?

మా పెరట్లో ఒక ఏడాది కాకరపాదు టెలిఫోన్ తీగను పట్టుకొని స్తంభం దాకా పోయింది. ఫోన్ మూగబోతే లైన్‌మన్ వచ్చాడు. నిచ్చెన ఎక్కి, పైనుంచి అడిగాడు: “యా తీగ తెంపల్ల సామీ?” ఆ ప్రశ్న ఇంకే భాషలో అడగగలం? అట్లాంటి మాటను వదిలి ఇప్పుడు వార్తల్లో ‘వైర్లు తెగిపడ్డాయి’ అంటున్నారు. కొందరైతే ‘వైరు తీగలు’ అని రెండూ కలిపి చదువుతున్నారు. చదివేవాళ్లు కాస్త ఆలోచించాలి.

ఇక టెలిఫోన్‌కు సంబంధించిన మిగతా మాటలు. పాత ట్రంకు కాల్‌లోని ట్రంకు అంటే చెట్టు మాను, ఎక్స్ఛేంజీల మధ్య పెద్ద లైను. సెల్ అంటే గది. ఒక్కో టవర్ పరిధి ఒక్కో గది. కాంతితో కబుర్లు మోసే ఆప్టికల్ ఫైబర్‌ను ‘దృశా తంతువు’ అంటున్నారు గానీ, ధర్మవరం మగ్గాల దగ్గర అడిగితే ‘గాజు పోగు’ అని చెప్పేవాళ్లు.

నిస్తంత్రి వ్యాకరణానికి నిలుస్తుంది, నాలుకకు ఎక్కలేదు. దాన్ని కొట్టేయమని నేను అనను. మీ అబ్బాయిని పరీక్షలో అదే రాయనివ్వండి. ఇంట్లో వైర్‌లెస్ అన్నా ఫరవాలేదు. వైరును మాత్రం తీగ అనమనండి.